కణం ఇచ్చే మరణ వాంగ్మూలం

"కేన్సరు మందు ఏం చేస్తుంది?" అని ఎవరినైనా అడగండి. "కేన్సరు కణాలను చంపుతుంది" అని జవాబు వస్తుంది. అందులో తప్పు లేదు. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు. ఎన్ని కణాలు చచ్చాయి, ఎన్ని మిగిలాయి? ఇదొక్కటే లెక్క. చచ్చిన కణం గురించి ఆలోచించినవారు తక్కువ. చచ్చినదానితో పనేముంది?

పని ఉందని ఇప్పుడు తెలిసింది. మన వైపు కోర్టు వ్యవహారాలలో "మరణ వాంగ్మూలం" అనే మాట మీరు వినే ఉంటారు. కత్తిపోటు తిన్న మనిషి ఆస్పత్రి మంచం మీద, ప్రాణం పోయేలోగా, తనను పొడిచింది ఎవరో మేజిస్ట్రేటుకు చెప్తాడు. ఆ మాట రాసుకుంటే కేసు నిలుస్తుంది. చెప్పకుండా పోతే చాలాసార్లు కేసు మూతపడుతుంది. చావు రెండు చోట్లా ఒకటే, తరవాత జరిగేది మాత్రం వేరు. కేన్సరు కణాలలో కూడా కొన్ని చస్తూ చస్తూ ఇలాంటి వాంగ్మూలం ఇస్తాయనీ, దాన్ని ఆధారం చేసుకుని ఒంట్లోని రక్షకదళం మిగిలిన కేన్సరు కణాల మీద పడుతుందనీ 2005 నుంచి వచ్చిన పరిశోధనలు చూపించాయి. ఇంత సంగతి తెలుసుకోవడానికి నూరేళ్ళకు పైగా ఎందుకు పట్టిందో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక అమ్మాయి చావు, ఒక వలస మనిషి బతుకు

1890 లో న్యూయార్కులో విలియం కోలీ అనే కుర్ర సర్జను దగ్గరికి బెస్సీ డాషీల్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి వచ్చింది. చేతికి చిన్న దెబ్బ తగిలింది, వాపు తగ్గడం లేదు. చూడగా అది ఎముకలో పుట్టిన సార్కోమా అనే కేన్సరు. కోలీ ఆమె ముంజేయి తీసేశాడు. లాభం లేకపోయింది. కేన్సరు ఒళ్ళంతా పాకి 1891 జనవరిలో ఆమె చనిపోయింది. ఆమెకు ప్రాణస్నేహితుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ చావు కోలీని నిద్రపోనివ్వలేదు. ఆస్పత్రిలో పాత రికార్డులు తిరగేశాడు. వాటిలో ఒక విచిత్రమైన కేసు కనబడింది. జర్మనీ నుంచి వలస వచ్చిన ఒకతనికి మెడ మీద సార్కోమా. కోసిన ప్రతిసారీ మళ్ళీ పెరిగింది. ఇక చేసేది లేదనుకున్న సమయంలో అతనికి ఎరిసిపెలస్ అనే జబ్బు పట్టుకుంది. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల వల్ల చర్మం ఎర్రబారి, విపరీతమైన జ్వరం వచ్చే జబ్బు అది. ఆ రోజులలో దానితోనే ఎందరో చనిపోయేవారు. ఇతను చనిపోలేదు సరికదా, జ్వరంతోపాటు కంతి కూడా కరిగిపోయింది! కోలీ న్యూయార్కు పేదల పేటల్లో ఇల్లిల్లూ తిరిగి, ఏడేళ్ళ తరవాత ఆ మనిషిని పట్టుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. మెడ మీద మచ్చ మాత్రం మిగిలింది.

1891 మేలో కోలీ సాహసించి, ఇటలీ నుంచి వలస వచ్చిన జోలా అనే రోగి కంతిలోకి బతికి ఉన్న స్ట్రెప్టోకాకస్ ఎక్కించాడు. పదేపదే ఎక్కించగా అక్టోబరులో తీవ్రమైన ఎరిసిపెలస్ వచ్చింది. కొద్ది రోజులలో మెడ మీది కంతి మెత్తబడి శిథిలమైంది. వారాలలో చనిపోతాడనుకున్న జోలా మరో ఎనిమిదేళ్ళు బతికాడు. కాని తరవాతి రోగులలో ఇద్దరు ఎరిసిపెలస్‌తోనే చనిపోయారు. అందుకని కోలీ బతికిన సూక్ష్మజీవులను మానేసి, వేడితో చంపిన రెండు రకాల సూక్ష్మజీవుల మిశ్రమాన్ని వాడడం మొదలుపెట్టాడు. దానికే "కోలీ విషాలు" అని పేరు వచ్చింది. 1893 లో ఈ మందు తీసుకున్న పదహారేళ్ళ కుర్రవాడికి పొట్టలో పెద్ద కంతి కరిగింది. అతను 26 ఏళ్ళు బతికి గుండెజబ్బుతో పోయాడు.

అయితే కొందరికి పనిచేసింది, చాలామందికి పనిచేయలేదు. మందు ఒక్కొక్కచోట ఒక్కొక్కలా తయారయేది. ఎందుకు పనిచేస్తోందో కోలీ చెప్పలేకపోయాడు. సూక్ష్మజీవుల విషమే కంతిని చంపుతోందని ఆయన అనుకున్నాడు. ఈలోగా 1895 లో ఎక్స్-కిరణాలు, వాటి వెనక రేడియం వచ్చాయి. కిరణం పడితే కణం చచ్చేది. అది కంటికి కనిపించే పని, కొలవగలిగే పని. కోలీ పనిచేసిన మెమోరియల్ ఆస్పత్రిలోనే జేమ్స్ యూయింగ్ వంటి పెద్దలు ఆయన పద్ధతిని తోసిపుచ్చారు. 1936 లో కోలీ చనిపోయేనాటికి ఆయన మాట వినేవారు బాగా తగ్గిపోయారు. 1965 లో అమెరికన్ కేన్సర్ సొసైటీ కోలీ విషాలను నిరూపణ లేని చికిత్సల జాబితాలో చేర్చింది. పదేళ్ళ తరవాత తీసేసింది.

ఆయన మాటను నిలబెట్టింది కూతురు హెలెన్. ఆమె డాక్టరు కాదు, కాలేజీ చదువు కూడా లేదు. తండ్రి కాగితాలు ముందేసుకుని, ఏ రోగికి ఎంత మందు ఇచ్చారు, ఎన్నాళ్ళు ఇచ్చారు, ఆ మనిషి తరవాత ఏమయ్యాడు అని ఏళ్ళ తరబడి లెక్క కట్టింది. 1953 లో న్యూయార్కులో కేన్సర్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించింది. దానికి మొదటి విరాళాలలో ఒకటి రాక్‌ఫెల్లర్ కుటుంబం నుంచే వచ్చింది.

లెక్క అంతా శవాలదే

రెండో ప్రపంచయుద్ధం తరవాత కథ పూర్తిగా చంపే మందులవైపు తిరిగింది. 1942 లో యేల్ విశ్వవిద్యాలయంలో విషవాయువుల పరిశోధన నుంచి పుట్టిన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫు కేన్సరు రోగికి ఇచ్చి చూశారు. యుద్ధ రహస్యం కాబట్టి సంగతి 1946 దాకా బయటికి రాలేదు.

ఇక రెండో మెట్టులో మనవాడొకడు ఉన్నాడు. భీమవరంలో పుట్టి, 1923 లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాలను తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం లేనిదే కణం డి.ఎన్.ఏ. తయారు చేసుకోలేదు, రెండుగా చీలలేదు. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో పది మందికి కొంతకాలంపాటు గుణం కనిపించిందని 1948 జూనులో ప్రకటించాడు. ఆ తరవాత రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశాడు. అమినాప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

ఈ మందులు ప్రాణాలు నిలబెట్టాయి, అందులో సందేహం లేదు. కాని వీటితోపాటు ఒక ఆలోచన కూడా పాతుకుపోయింది. అలబామాలో హోవర్డ్ స్కిపర్ ఎలుకల రక్తకేన్సరు మీద ప్రయోగాలు చేసి, ఒక్క కణం మిగిలినా అది పెరిగి ఎలుకను చంపగలదని 1960 లలో చూపించాడు. కనుక ఆఖరి కణం దాకా మందే చంపాలి అన్నది సూత్రమైంది. ఒంట్లోని రక్షకదళానికి ఇందులో పాత్ర లేదు. పైగా కీమోథెరపీ ఇస్తే తెల్లకణాలు పడిపోతాయి కదా! రక్షకదళాన్ని దెబ్బతీసే మందు దానికి సాయం చేస్తుందని ఎవరు ఊహిస్తారు?

పండుటాకు రాలినట్లు

1972 లో జాన్ కెర్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు, స్కాట్లండులో ఆబర్డీన్‌కు చెందిన వైలీ, కరీలతో కలిసి ఒక వ్యాసం ప్రచురించాడు. కణాలు చచ్చే తీరు ఒక్కటే కాదని అందులో చెప్పారు. దెబ్బ తిన్న కణం ఉబ్బి పగిలి, లోపలి సరుకంతా చుట్టూ చిమ్మడం ఒక తీరు. కణం తనంతట తానే ముడుచుకుని, చిన్న చిన్న మూటలుగా విడిపోయి, పక్క కణాలకు ఆహారమైపోవడం మరొక తీరు. ఈ రెండో చావుకు పేరు కావలసివస్తే ఆబర్డీన్‌లో గ్రీకు ఆచార్యుడు ఒకాయన "అపోప్టోసిస్" అనే మాట ఇచ్చాడు. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడం అని దాని అర్థం.

మన ఒంట్లో రోజూ కొన్ని వేల కోట్ల కణాలు ఇలాగే రాలిపోతాయి. వాపు లేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. ఊడ్చేవాళ్ళు వచ్చి చప్పుడు లేకుండా ఎత్తుకుపోతారు. ఇలాంటి ప్రతి చావుకూ రక్షకదళం కత్తులు దూస్తే మన ఒళ్ళు మనకు మిగలదు. కాబట్టి రాలిపోయే కణం నోరు విప్పదు, పగిలిపోయే కణమే గోల చేస్తుంది అని అంతా నమ్మారు. కీమోథెరపీ మందులు ఎక్కువగా రాలిపోయే చావునే కలిగిస్తాయి. అంటే ఆ చావు మూగచావే అనుకున్నారు.

వాంగ్మూలం రాసుకునేది ఎవరు?

ఈలోగా న్యూయార్కులో మరొక దారి తెరుచుకుంది. బెస్సీ స్నేహితుడి తండ్రి 1901 లో స్థాపించిన వైద్యపరిశోధన సంస్థే ఈనాటి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం. అక్కడ 1973 లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్‌తో కలిసి, చెట్టు కొమ్మల్లా చేతులు చాచిన ఒక కొత్తరకం కణాన్ని చూశాడు. గ్రీకు భాషలో చెట్టుకు ఉన్న మాటతో దానికి డెండ్రైటిక్ కణం అని పేరు పెట్టాడు. మనం కొమ్మల కణం అందాం. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తరవాత తేలిందేమిటంటే, వాంగ్మూలం రాసుకునే మేజిస్ట్రేటు ఇదే. దొరికిన ముక్కలను మింగి, వాటి గుర్తులను తన ఒంటిమీద ప్రదర్శిస్తూ లింఫు గ్రంథికి వెళ్ళి, "ఇదిగో, ఈ గుర్తు ఉన్నవాణ్ణి పట్టుకోండి" అని టీ కణాలకు చూపిస్తుంది. టీ కణాలు వేటకు బయలుదేరతాయి. చచ్చిపోయిన కణాల నుంచి కూడా కొమ్మల కణాలు గుర్తులు సేకరించగలవని అదే విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్, సౌటర్, భరద్వాజ్ 1998 లో చూపించారు.

అయితే దొరికిన ప్రతి ముక్కకూ ఈ మేజిస్ట్రేటు వారంటు జారీ చెయ్యడు. ఎప్పుడు చేస్తాడు? పరాయి సూక్ష్మజీవుల వాసన తగిలితే చేస్తాడని 1989 లో చార్లెస్ జేన్‌వే అన్నాడు. టీకా మందులో అసలు సరుకుతోపాటు రక్షకదళాన్ని రెచ్చగొట్టే పదార్థం మరొకటి కలపాల్సి రావడానికి ఇదే కారణం. కోలీ రోగులకు జరిగినది కూడా చాలావరకు ఇదే అయి ఉండాలి. కంతి పక్కనే సూక్ష్మజీవులు గంట కొట్టాయి. 1994 లో పాలీ మాట్జింగర్ ఇంకో మెట్టు ఎక్కింది. పరాయివాడా కాదా అన్నది కాదు, అపాయం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న, ఆ అపాయం కబురు మన సొంత కణాలే పంపగలవు అంది.

పారిసు పక్కన జరిగిన పని

ఈ దారులన్నీ పారిసు నగరాన్ని ఆనుకుని ఉన్న విల్‌జుయిఫ్‌లో, గుస్తావ్ రూసీ సంస్థలో కలిశాయి. కణాల చావు మీద పనిచేసే గీడో క్రోమర్, కేన్సరు రోగనిరోధం మీద పనిచేసే లారాన్స్ జిత్‌వొగెల్ కలిసి 2005 లో ఒక తేలికపాటి ప్రయోగం ప్రకటించారు. ఎలుక పేగు కేన్సరు కణాలను గాజుపాత్రలో మందుతో చంపారు. ఆ చస్తున్న కణాలను, రెచ్చగొట్టే పదార్థం ఏదీ కలపకుండా, ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఒక పక్కన ఎక్కించారు. వారం తరవాత రెండో పక్కన బతికి ఉన్న కేన్సరు కణాలు ఎక్కించారు. మైటోమైసిన్ అనే మందుతో చచ్చిన కణాలు ఎలుకలను కాపాడలేదు. డాక్సోరూబిసిన్‌తో చచ్చిన కణాలు చాలా ఎలుకలను కాపాడాయి!

డాక్సోరూబిసిన్ సంగతి ఒక మాట చెప్పాలి. ఇటలీలో పాతకాలపు కోట దగ్గర తీసిన మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందుల కుటుంబం ఇది. పక్కనున్న ఆడ్రియాటిక్ సముద్రం పేరిట ఆడ్రియామైసిన్ అని కూడా అన్నారు. సిరంజిలో ఎర్రగా ఉంటుంది. ఎక్కువైతే గుండెకు చేటు. 1974 నుంచి అమెరికాలో వాడుకలో ఉన్న ఈ మందులో ఇలాంటి గుణం ఉందని ముప్పై ఏళ్ళు తెలియలేదు.

అంతకంటె ఆశ్చర్యం ఇంకొకటి. కణాలు పగిలి చచ్చినందువల్ల ఇది జరగలేదు. రాలిపోయే చావును నడిపించే యంత్రాంగాన్ని అడ్డుకుంటే కణాలు చచ్చాయి కాని కాపాడే గుణం పోయింది. మూగచావు అనుకున్న చావులోనే ఒక రకం మాట్లాడుతోంది.

ఏ భాషలో మాట్లాడుతోందో తరవాతి నాలుగేళ్ళలో తేలింది. మూడు మాటలు ముఖ్యం.

మొదటిది కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీను. కణం లోపల కొత్త ప్రోటీనులను మడతపెట్టే గదిలో ఉండవలసిన మనిషి. డాక్సోరూబిసిన్ తగిలిన కణంలో, చావుకు ముందే, ఇది కణం పైపొర మీదికి వచ్చి నిలబడుతుంది. వంటింట్లో ఉండవలసిన ఇల్లాలు వేళకానివేళ వీధిలో నిలబడితే ఊరు పరుగెత్తుకు రాదా? "నన్ను మింగు" అని కొమ్మల కణానికి ఇది పిలుపు. 2007 లో దీన్ని అడ్డుకుంటే రక్షణ పోయింది. మూగగా చచ్చే కణాలకు దీన్ని బయటి నుంచి పూస్తే వాటికీ మాట వచ్చింది.

రెండోది ఏ.టి.పి. కణంలో శక్తికి నాణెం లాంటిది. చస్తున్న కణం నుంచి ఇది బయటికి కారితే కొమ్మల కణాలు వాసన పట్టి వస్తాయి, వచ్చి మేలుకుంటాయి. మేలుకునే మార్గం 2009 లో తెలిసింది.

మూడోది హెచ్.ఎం.జి.బి.1. కణకేంద్రంలో డి.ఎన్.ఏ.ను అంటిపెట్టుకుని ఉండే ప్రోటీను. కణం పూర్తిగా శిథిలమయ్యాక చివర బయటపడుతుంది. కొమ్మల కణం మీద టి.ఎల్.ఆర్.4 అనే చెవి దీన్ని వింటుంది. ఇక్కడ ఎలుకల నుంచి మనుషులకు ఒక వంతెన పడింది. ఆ చెవి పుట్టుకతోనే సరిగా పనిచేయని రొమ్ముకేన్సరు రోగులకు చికిత్స తరవాత జబ్బు త్వరగా తిరగబెట్టిందని 2007 లో అదే బృందం చూపించింది. మందు అదే, వాంగ్మూలం అదే, వినేవాడికి చెవుడు.

2010 లో మరొక ముక్క తేలింది. ప్లాటినం మందులలో సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ తోబుట్టువుల్లాంటివి. రెండూ కణాలను చంపుతాయి. కాల్‌రెటిక్యులిన్‌ను వీధిలోకి తెచ్చేది ఆక్సాలిప్లాటిన్ మాత్రమే.

వీధికి అటూ ఇటూ

రేడియేషను విషయంలో ఇలాంటి అనుమానం ముందే ఉంది. ఒక చోట కిరణం పడితే మరోచోట మార్పు కనిపించడానికి 1953 లో ఇంగ్లండులో ఆర్. హెచ్. మోల్ "ఆబ్‌స్కోపల్" అని పేరు పెట్టాడు. గురికి దూరంగా అని అర్థం. చాలా అరుదుగా కనిపించేది. 2012 లో న్యూయార్కు మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు ఒక కేసు వివరంగా రాశారు. మెలనోమా అనే చర్మకేన్సరు ముదిరిన ఒక స్త్రీ, టీ కణాల పగ్గాలు వదిలే ఇపిలిముమాబ్ అనే మందు మీద ఉంది. వెన్ను పక్కన నొప్పి పెడుతున్న కంతికి మాత్రం రేడియేషను ఇచ్చారు. ఛాతీలోను, ప్లీహంలోను ఉన్న కంతులు కూడా చిన్నవయ్యాయి. టీ కణాల పగ్గాల సంగతి కనిపెట్టిన ఆలిసన్, హోంజోలకు 2018 లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది కోలీ పనిచేసిన ఆస్పత్రే. 1939 లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియరు ఇచ్చిన స్థలంలోకి మారింది. న్యూయార్కు వెళ్ళినప్పుడు యార్క్ ఎవెన్యూ మీద చూడండి. ఒక పక్క ఆ ఆస్పత్రి, ఎదురుగా స్టైన్‌మన్ పనిచేసిన రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం. స్టైన్‌మన్‌కే 2007 లో పాంక్రియాస్ కేన్సరు వచ్చింది. మామూలు వైద్యంతోపాటు, తాను కనిపెట్టిన కొమ్మల కణాలతో చేసిన టీకాలు కూడా వేయించుకున్నాడు. అనుకున్నదానికంటె చాలాకాలం బతికాడు. 2011 సెప్టెంబరు 30 న చనిపోయాడు. మూడు రోజుల తరవాత, ఆ సంగతి తెలియకుండానే, నోబెల్ కమిటీ ఆయన పేరు ప్రకటించింది. టీకాలే ఆయన్ని అన్నాళ్ళు నిలబెట్టాయా అంటే ఒక్క మనిషి మీద చూసినదాన్ని బట్టి అది చెప్పలేం.

మనం తీసుకోవలసినది

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఎలుకలో నెగ్గినదంతా మనిషిలో నెగ్గదు. 2019 లో నెదర్లండ్స్ వైద్యులు మొండిరకం రొమ్ముకేన్సరు ముదిరిన అరవై పైచిలుకు స్త్రీలలో, ముందు కొద్దిగా కీమోథెరపీ గాని రేడియేషను గాని ఇచ్చి, తరవాత టీ కణాల పగ్గాలు వదిలే మందు ఇచ్చి చూశారు. మొత్తం మీద నూటికి ఇరవై మందికి కంతి తగ్గింది. డాక్సోరూబిసిన్ ముందు ఇచ్చినవారిలో నూటికి 35. ఇది ఆశ పుట్టించే అంకె. కాని చిన్న గుంపు. పైగా రెండో స్థానం, నూటికి 23 తో, మూగమందు అనుకున్న సిస్‌ప్లాటిన్‌కు దక్కింది. ఎలుక పుస్తకంలో రాసిన వరసలో మనిషి ఒళ్ళు నడవదన్నమాట.

మన ఇళ్ళలో ఎవరికైనా ఈ జబ్బు వస్తే ఇండియా నుంచి, ఇక్కడి నుంచి, సలహాలు వెల్లువలా వస్తాయి. "కీమోథెరపీ రోగనిరోధక శక్తిని చంపేస్తుంది, మానెయ్యండి, ఒంటి శక్తితోనే తగ్గించుకోండి" అనేది వాటిలో ఒకటి. పైన చెప్పిన చరిత్ర ఆ మాటకు జవాబు. మందు, ఒంటి శక్తి ఎప్పుడూ శత్రువులు కారు. కొన్ని మందులు చంపుతూనే ఒంటి చేత కేసు పెట్టిస్తాయి. మందు మానేస్తే ఆ కేసుకు సాక్షే ఉండడు. అలాగే కోలీ పేరు చెప్పుకుని జ్వరం తెప్పించి కేన్సరు కుదురుస్తామనేవారిని నమ్మకండి. ఆయన రోగులలో ఇద్దరు ఆ జ్వరంతోనే పోయారని, ఆ సంగతి ఆయనే దాచకుండా రాశాడని గుర్తుంచుకోండి.

డాక్టరును అడగవలసిన ప్రశ్నలు మాత్రం మారాయి. "ఈ మందుతో కంతి ఎంత తగ్గుతుంది?" అని అడుగుతాం. "దీనితోపాటు రోగనిరోధక చికిత్స ఇచ్చే అవకాశం ఉందా? ఏది ముందు, ఏది వెనక?" అని కూడా అడగవచ్చు. జవాబు "లేదు" అని రావచ్చు. అయినా అడగడం మన హక్కు.